మెంగియా మలుపు

మా తర్‌సాస్‌లో మొదటి లిఫ్టు
ఒక పాత లారీ ఇంజను, రెండొందల గజాల తాడు.
ప్లాచి మామ చలికాలమంతా దాని పక్కనే కూర్చుని
ఆవు ఈనుతుంటే కాపలా కాసినట్టు కాసేవాడు.
టికెట్టంటూ లేదు. ఎక్కినవాళ్ళు
అతని టోపీలో చిల్లర వేసేవారు,
లేనివాళ్ళు ఒక దుంగ చీల్చి ఇచ్చేవారు.

అప్పటికి ఊళ్ళో నలభై గడపలు,
నూటపన్నెండు ఆవులు,
ఒక్క టెలిఫోను, అదీ చర్చి ఫాదరింట్లో.
మంచు అంటే మాకు
ఐదు నెలలు తలుపుకి అడ్డంగా పడుకునే పిలవని చుట్టం.
దాన్ని చూడ్డానికి డబ్బిచ్చి వస్తారంటే
మా తాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

తర్వాత లోయలోంచి సర్వేవాళ్ళొచ్చారు.
ఎర్ర రంగు పూసిన మేకులు గడ్డిలో దిగాయి.
వాలు వాలంతా కాగితాల మీదికెక్కింది.
గడ్డిమేడ స్కీల దుకాణమైంది,
పాలకేంద్రం జున్ను హోటలైంది,
జున్ను మాత్రం కింద పట్నం నుంచి లారీలో వస్తుంది.
మా పాక గోడ మీది పేడ మరకకి
వార్నిషు పూసి అసలుసిసలు అన్నారు.

అందరూ సంతకం పెట్టారు. తప్పుపట్టను.
మా నాన్నా పెట్టాడు. ఆ డబ్బుతోనే
నా పళ్ళు బాగయ్యాయి, ఇంటికి వేణ్ణీళ్ళొచ్చాయి.
మెంగియా అత్త ఒక్కతే పెట్టలేదు.
ఎందుకని అడిగితే సిద్ధాంతమేమీ చెప్పలేదు.
"ఆ చెక్కలో గడ్డి తియ్యగా ఉంటుంది" అంది,
పాలక్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అందుకని కొండమీంచి తిన్నగా దిగాల్సిన బాట
ఆమె కంచె దగ్గర మోచెయ్యిలా వంగింది.
ఇంజనీరు తిట్టుకుంటూ గీశాడు.
ఇప్పుడు పటంలో దాని పేరు మెంగియా మలుపు,
నల్ల చుక్క, నేర్పరులకు మాత్రమే.
ఏటా అక్కడ ఒకరిద్దరి కాళ్ళు విరుగుతాయి.
మెంగియా అంటే కొండదేవత అనుకుంటారు చాలామంది,
ఒకాయన సారా పేరా అని అడిగాడు.

రాత్రిళ్ళు నేను మంచు చదునుచేసే యంత్రం తోలుతాను.
పదకొండింటికి పైనుంచి చూస్తే
మూడొందల కిటికీలు, వెలిగేవి పదిహేడు.
బళ్ళో పిల్లలు నలుగురు. అందులో ఇద్దరు
పోర్చుగల్ నుంచి వచ్చిన వంటావిడ పిల్లలు,
మా పాత భాషలో ఎక్కాలు నాకంటే బాగా చెబుతారు.
మంచు ఇప్పుడు చెరువులోంచి పుడుతోంది.
ఫిరంగులు తెల్లార్లూ దగ్గుతుంటాయి,
నాకు తాత గుర్తొస్తాడు.

అత్త పోయిన ఏడాది కంపెనీ నుంచి కబురు:
చెక్క మీ పేర రాసింది కదా,
మలుపు సరిచేద్దాం, ఎంత కావాలి?
లెక్కవేసుకోలేదని అనను.
రెండు రాత్రులు వేసుకున్నాను,
కరెంటు బిల్లు వెనకాల, పెన్సిలుతో.

మే నెలలో పోయి చూశాను.
బాట మీద తొక్కీ తొక్కీ గట్టిపడ్డ మంచు
ఇంకా మురికి నాలుకలా చాపుకుని ఉంది.
కంచె లోపల జానెడు పచ్చన.
ఒక పరక తెంపి నమిలాను.
నిజమే.

జూలైలో కోస్తాను. తినడానికి ఊళ్ళో ఆవు లేదు.
పెద్ద హోటలు కొంటుంది. ఎండుగడ్డి వెచ్చబెట్టి
అందులో అతిథుల్ని పడుకోబెడతారట, నడుం నొప్పులకి.
పెరటి తలుపు దగ్గర మోపు దించి
డబ్బు లెక్కపెట్టుకుంటుంటే
లోపల ఎవరో హాయిగా మూలిగారు,
మా పాకలో వినే మూలుగే.
మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టాల్సొచ్చింది.