విడిచిన ఊపిరి

ఆమదాలవలస రైలుగేటు దాటాక ఎడంచేతి వైపు
రేకుల షెడ్డులో తవిటయ్య
బండిని మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచాడు.

అరవై మూడు నాటి బుల్లెట్.
పంచదార ఫ్యాక్టరీ చెరకు ఇన్‌స్పెక్టరు తిరిగిన బండి.
ఫ్యాక్టరీ మూతపడి, వేలంలో ఇనుము కింద తూస్తుంటే
"బండిని కేజీల్లెక్కన అమ్మకండి బాబూ" అని బతిమాలి
కేజీల్లెక్కనే కొన్నాడు.

ఇప్పుడు దాని పక్కన, పాతగుడ్డలో చుట్టి,
నత్తగుల్లలా మెలిక తిరిగిన ఇనుపముక్క.
రణస్థలం దగ్గర బోల్తాపడ్డ డీజిల్ కారులోది.
టర్బో.
చిటికెనవేలితో తడితే లోపలి చక్రం
చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

"ఇంజిను ఊపిరి పీలుస్తాది, వొదులుతాది.
వొదిలింది ఊరి మీద పడి పోతంది.
ఆ పొగ సేతే ఈ సెక్రం తిప్పించి
కొత్తగాలి కుక్కి పెడితే ఏటయిపోద్ది?
ఒరే పారినాయుడూ,
వొదిలీసిన ఊపిరికీ పనుందిరా."

నవ్వబోయి ఆగాను.
ఈ మనిషి పుట్టినప్పుడు ఏడవలేదట.
అంతకుముందు పోయిన ఇద్దరి లెక్కలో కలపబోతుంటే
మంత్రసాని కాళ్లు పట్టి తలకిందులు చేసిందట.
చేటెడు తవుడుకి పక్కింట్లో అమ్మేసి, మళ్లీ తెచ్చుకుని,
ఆ బేరాన్నే పేరుగా పెట్టారు.
ఊపిరి సంగతి అతనికి తెలిసినంత
నా లేతు మిషనుకేం తెలుసు!

బ్యారెల్ కింద పెట్టడానికి పలక కోసిచ్చాను,
నొక్కుడు తగ్గాలని.
పైపు అతికే ఫ్లాంజి మూడుసార్లు పాడుచేశాను.
గాలి మూతికి తన పొందూరు పంచె చింపి కట్టాడు.
ఒంటి సిలిండరు కదా, ఒక గుక్క తాగి ఆగుతుంది,
ఆ మధ్యలో గాలి నిలవుండటానికో గది కావాలి.
ఇంటికెళ్లి, గ్యాసొచ్చాక అటకెక్కిన
ఇత్తడి పంపుస్టవ్ ఎత్తుకొచ్చాడు.
"ఇరవయ్యేళ్లు పంపు కొట్టించుకున్న కడుపు. ఓర్సుకుంటాది."
సూరీడమ్మ వారంరోజులు మాట్లాడలేదు.
కొలవడానికి ఫ్యాక్టరీ బాయిలరు మీటరే దొరికింది.
ఆవిరి కోసం పుట్టిన ముల్లు,
మా గాలికి లేచి కూర్చుంటుందా?

నాలుగో కిక్కుకి అంటుకుంది.
చెయ్యి తిప్పితే సన్నటి ఈల.
వీధికుక్కలు చెవులు నిక్కించాయి.
ఈల అందుకోగానే బండి చచ్చింది.
మళ్లీ తన్నాం. మళ్లీ అక్కడే.
ప్లగ్గు మార్చాం, పాయింట్లు గీకాం,
మాగ్నెటోని దాని వంశంతో సహా తిట్టాం.
మూడు రాత్రులు.

నాలుగోరాత్రి టీ తాగుతూ తవిటయ్య గ్లాసు దించేశాడు.
గాలి బలిసి, కార్బొరేటర్లో ఎదురు తిరిగి,
పైనుంచి దిగే పెట్రోలుని గుమ్మంలోనే ఆపేస్తోంది.
"ఊపిరి ఎక్కువ పోసి, ఆకలితో సంపీసినాం రా."

విరిగిన స్కూటరుదో పంపు.
స్టవ్ కడుపు నుంచి కార్బొరేటర్ గిన్నెకి
చీపురుపుల్లంత రాగిగొట్టం.

తెల్లారగట్ల పొందూరు రోడ్డు. నేను వెనక కూర్చున్నాను.
మంచులో మొక్కజొన్న చేలు కనపడీ కనపడకుండా.
డుబుడుబుల మధ్య ఈల పుట్టింది,
పెద్దదైంది,
నా కింది సీటు నన్నొదిలి ముందుకి దూకబోయింది,
అరవై ఏళ్లుగా బిగబట్టిన ఏడుపేదో
ఇప్పుడు బయటపడ్డట్టు.
బాయిలరు ముల్లు, ఒట్టు, కదిలింది!

ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా. అంతే.
హెడ్ గాస్కెట్ పోయింది.
వేడినూనె నా ప్యాంటు మీద.
ఇంజిను ఆగినా నత్తలో చక్రం ఆగలేదు.
తవిటయ్య మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఒగ్గి,
అది పూర్తిగా నిలిచేదాకా విన్నాడు.

"రాగి గాస్కెట్ కొయ్యగలవేట్రా?"
"ఎంత మందం?" అన్నాను.

నెట్టుకుంటూ వెనక్కి తిరిగాం.
చలికి మా ఇద్దరి నోటిపొగ
బండికంటే నాలుగడుగులు ముందు నడిచింది.