పెన్సిలు మస్టరు

సైదాపురం దాటాక ఎడంపక్క,
చిల్లకంపలో మునిగిపోయిన ఆ రేకుల షెడ్డు మాదే.
మాదే అంటే, సొంతదారు మద్రాసులో.
నేను గుమాస్తాని.
ఒక కుర్చీ, చెక్కబల్ల, అద్దాల తలుపు.
తలుపు వేసుంటే దుమ్ము రాదు.
వేసే ఉంచేవాణ్ణి.

పలుగురాయి ఒక కుప్ప, కాకిబంగారం ఒక కుప్ప,
మూలన పచ్చరాయి,
నీళ్లు కలిపిన మామిడిపిందె రంగు.
దాన్ని మరలో పోసి పిండి పట్టేది వెంగయ్య ఒక్కడే.
గట్టి మనిషని నేనే పెట్టాను.
షిఫ్టు దిగి తుండుగుడ్డ దులిపితే
అందులోంచి ఇంకో మనిషి రాలేవాడు.

మర ఆగి పంతొమ్మిదేళ్లు.
మూటలు రేవు దాటి ఎటుపోయాయో తెలీదు.
కొంత మాత్రం ఊళ్లోనే ఉంది.

నిన్న మస్తానమ్మ మా ఇంటికొచ్చింది.
సంచిలో టీబీ మాత్రల ఖాళీ అట్టలు, మూడు కోర్సులవి.
కళ్లె పరీక్ష కాయితాలు: లేదు, లేదు, లేదు.
నెల్లూరు పెద్దాసుపత్రిలో కొత్త డాక్టరమ్మ అడిగిందట:
ఏం పని చేశావు? ఏ రాయి? ఎన్నేళ్లు?
అంతకుముందు అందరూ
చుట్ట తాగుతావా అనే అడిగారు.
“బెరీలో ఏందోనయ్యా, పచ్చరాయిదేనంట.
ఆ రక్తపరీక్ష ఈడ లేదంట.
ముందు పని చేసినట్టు కాయితం తెమ్మనింది.

మంచం కాడ్నించి చెంబు దాకా పోను
రెండుమాట్లు కూలబడతాడు.
సగం మాట చెప్పి
మిగతా సగానికి గాలి చాల్లేదంటాడు.
రాసేవోడివి నువ్వే గదా, పేరు చూపీ.”

రాసేవాణ్ణి.
రబ్బరు కూడా నా చేతిలోనే ఉండేది.
ఇన్‌స్పెక్టరు వచ్చే వారం
ముప్పైమంది పద్నాలుగయ్యేవాళ్లు.

ట్రంకుపెట్టె అడుగున ఒక పుస్తకం,
ఎందుకు దాచానో.
పేజీలన్నీ తిప్పాను. వెంగయ్య లేడు.
చదువురాని మనిషి, చూడలేక, అరచేత్తో తడిమింది.
“ఈడ గరుగ్గా ఉండాదే” అంది.

పెన్సిలు పోతుంది, అదిమిన గీత పోదు.
కాయితం వాలుగా వెలుగుకు పట్టాను.
ఎత్వం, సున్నా,
చివర యవత్తు కొక్కెం.
నా దస్తూరీయే.

తెల్లకాయితం తీశాను. ఇంకు పెన్ను తీశాను.
తారీకు వేశాను. నా పేరు రాశాను.
రాయి దగ్గర ఆగాను.
డాక్టరమ్మ చెప్పిన ఆ పేరు ఎట్లా రాయాలన్నాను.

“పచ్చరాయనే రాయయ్యా.
అప్పుడు మాకు
ఇంకో పేరుందని ఎవురు చెప్పినారు?”