వగరు

మలుపు దగ్గర మళ్ళీ ఐవీ కొమ్మ కట్టారు,
కింద చెక్క బాణం.
ఏడాదికి ఎనిమిది రోజులే
రాడోవాన్ ఇంటి గేటు తెరుచుకునేది.
సొంత తోట వైను, సొంత జున్ను,
అటక మీద ఆరబెట్టిన పంది తొడ.
అప్పు మాత్రం లేదు.

మేం నలుగురం. ఎప్పుడూ ఆ మూల బల్లే.
బురియా గాలి మమ్మల్ని వదిలేసి
పక్కవాళ్ళ టోపీలు ఎత్తుకుపోయే చోటు.
లివియో ట్రియెస్తే నుంచి బస్సులో వస్తాడు,
తెలుపు తప్ప ముట్టడు.
వోయ్కో ఎరుపు తప్ప ముట్టడు.
నలభై ఏళ్ళు రాళ్ళు చెక్కిన చేత్తో పట్టుకుంటే
గ్లాసుకే గుండె దడ.
నాది గోడ మీది పిల్లి వాటం.
మిలోయ్కా అందరి మాటా విని తల ఊపుతుంది.

"తెరాన్ అంటే మన ఎర్రమట్టిరా," అంటాడు వోయ్కో,
"ఇనుము. నెత్తురు.
మా అమ్మమ్మ బాలింతలకు గుడ్డు కొట్టి తాగించేది."
"నెత్తురు కావాలంటే ఆసుపత్రికి పో.
వితోవ్స్కా తాగి చూడు,
చివర్లో ఉప్పు తగుల్తుంది,
సముద్రం గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయినట్టు."
"సముద్రం కావాలంటే ఈదుకో పో."

పదహారేళ్ళుగా ఇదే పాట.
ఈసారి ఆల్బీనాకు విసుగొచ్చింది.
"రంగు చూసి రుచి చెప్పే మొహాలు మీరు,"
అని భుజం మీది తువ్వాలు తీసి
వోయ్కో కళ్ళకు గంతలు కట్టింది.
పొయ్యి పక్కన వెచ్చబడ్డ తెలుపు ఇస్తే
తల్లి మీద ఒట్టేసి తెరాన్ అన్నాడు.
బావిలో చల్లబరిచిన ఎరుపు తాగి లివియో
"వితోవ్స్కానే, కాస్త చెడింది," అన్నాడు.
నవ్వి నవ్వి నాకు పొలమారింది.

తర్వాత మిలోయ్కా.
గ్లాసు ముక్కు దగ్గరికైనా తీసుకెళ్ళలేదు.
ఎరుపు, అంది. ఎరుపే.
తెలుపు. తెలుపే.
మూడోది పుక్కిట పట్టి, ఆగి,
"రెండూ కలిపావు, రాడోవాన్, దొంగవి."
ఆరు గ్లాసులు. ఒక్కటీ తప్పలేదు.

ఎలా అని అడిగితే తువ్వాలు విప్పి మడత పెట్టింది,
అంచుకు అంచు సరిచూసి.
"ఫిబ్రవరి జ్వరంలో పోయింది వాసన.
నా ముక్కు మూసేసిన స్టేషను,
బళ్ళు వెళ్తుంటాయి, ఏదీ ఆగదు.
కాఫీ అంటే వేడి, అంతే. ఉల్లిపాయంటే తడి.
ఎరుపుకు మాత్రం వగరుంది,
పిల్లి నాలుకతో పళ్ళు నాకినట్టు.
తెలుపు జారిపోయి నోట్లో నీళ్ళు ఊరిస్తుంది.
నాకు మిగిలింది ఆ రెండే.
మీరు రేగుపళ్ళంటారు, తడి రాయంటారు,
సముద్రమంటారు.
ఆ మాటలు ఇంటికి పట్టుకెళ్ళి
వాటినే వాసన చూసుకునేదాన్ని."

పంది తొడ కోస్తున్న కత్తి ఆగింది.
ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకున్నాం.

ముందు లివియో కదిలాడు.
పదహారేళ్ళలో మొదటిసారి
వోయ్కో గ్లాసు లాక్కుని మూతి పెట్టాడు.
"విను. నీ సెజానా స్టేషను.
వాన. గూడ్సు బండి అప్పుడే ఆగింది.
చక్రాల దగ్గర వేడి ఇనుము,
ఎవరో తొక్కేసిన పండొకటి పట్టాల మధ్య."
"ఆ పండు నేనే తొక్కి ఉంటాను," అంది మిలోయ్కా,
ముప్పై ఏళ్ళు ఆ ప్లాట్‌ఫాం మీద టికెట్లు చూసిన మనిషి.

వోయ్కో తెలుపును మందు మింగినట్టు మింగాడు.
చాలాసేపు గోడకేసి చూశాడు.
"రాయి పగులుతుంది చూడు,
పగిలిన ఆ మొదటి నిమిషం.
లోపల ఎప్పటి చలో బయటికొస్తుంది.
తర్వాత ఉండదు. అది."
ఇంకేదో అనబోయి జున్ను ముక్క నోట్లో వేసుకున్నాడు.

నా వంతు వచ్చింది.
ఎరుపు తాగాను, తెలుపు తాగాను, మళ్ళీ ఎరుపు.
బాగుంది అనే మాట తప్ప
ఇన్నేళ్ళూ నేనేమీ కూడబెట్టలేదని
అప్పుడు తెలిసింది.
లివియో బస్సుకు టైమవుతోంది.
మిలోయ్కా నా వైపే చూస్తోంది,
టికెట్ అడిగే మనిషిలా
చెయ్యి చాపి.