అభిప్రాయాలు పదిహేను రోజుల్లోపు

పేపర్లో ఏడో పేజీ, కింద మూల,
బోర్‌వెల్ ప్రకటన పక్కన పడింది:
కళాశాలల రుసుముల నియంత్రణ ముసాయిదా మీద
ప్రజలు అభిప్రాయాలు తెలుపవచ్చు,
పదిహేను రోజుల్లోపు, మూడు ప్రతుల్లో.
ఇవాళ పద్నాలుగో రోజు.

పీణ్యలో కరెంటు పోయింది.
మేడమీద సింటెక్స్ ట్యాంకుకి వీపు ఆనించి
ఫోను వెలుగులో చదువుతున్నాను,
నేను, హంసవేణి, ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం.
ఇరవై రెండు పేజీల్లో నన్ను ఆపింది ఒక్క వాక్యం:
‘రుసుము అనగా బోధనా రుసుము మాత్రమే.’

మాత్రమే.
ఆ సందులోంచి మా కాలేజీ బస్సు దూరిపోగలదు,
దాని వెనకే ఏసీ ఆడిటోరియం,
దాని వెనకే మేమెవరం దిగని ఈతకొలను.
కన్నడలో ఆ మాట ‘మాత్ర’.
నీళ్లు తాగి మింగేయమన్నట్టు.

రసీదులన్నీ హార్లిక్స్ సీసాలో చుట్టి పెట్టింది అమ్మ.
అభివృద్ధి నిధి పద్దెనిమిది వేలు:
గేటుకి కొత్త రంగు వేశారు, అది చూశాను.
నైపుణ్య శిక్షణ తొమ్మిది వేలు:
రెండు మధ్యాహ్నాలు ఒకాయన వచ్చి
టై ముడి ఎలా వేయాలో ఆడపిల్లలక్కూడా నేర్పి వెళ్లాడు.
ఇతరములు ఆరువేల నాలుగు వందలు.
ఇతరములంటే ఏమిటండీ అని కౌంటర్లో అడిగితే
‘ఇతరములే’ అన్నాడు,
నా భుజం మీదుగా వెనకవాణ్ణి పిలిచాడు.

అమ్మకి వేలల్లో చెబితే అర్థం కాదని కాదు,
అర్థమై ఊరుకుంటుంది.
అందుకని కాలర్లలో చెప్తాను.
గార్మెంట్స్‌లో ఆమెది కాలర్ లైను, గంటకి తొంభై.
కాలరుకి అరవై పైసలు పడుతుందని నా లెక్క.
ఇతరములంటే
పదివేల ఆరువందల అరవై ఆరు కాలర్లు,
ఒక చేయి లేని కాలరు.
ఇంచుమించు పదిహేను రోజులు,
సర్కారు నా అభిప్రాయానికిచ్చినంత గడువు.

ఇక్కడిదాకా గబగబా రాసేశాను. కోపం బాగానే కుదిరింది.
అప్పుడు గుర్తొచ్చాడు మునిశామన్న.
ల్యాబ్‌లో ఏ వైరు ఎక్కడ వదులో
మేడం కంటే ముందు చెప్పే మనిషి,
మూడు నెలలుగా జీతం లేని మనిషి.
‘ఫీజు తగ్గిస్తే మొదట పోయేది మేమేనంటమ్మా,
మీటింగు పెట్టి చెప్పినారు’ అన్నాడు మొన్న.
ఫీజు పెరిగిన రెండేళ్లలో
ఆయన జీతం పెరగలేదని నాకు తెలుసు,
నాకంటే ముందు ఆయనకి తెలుసు.
అయినా ఆ భయం భయమే.
దాన్ని ఏ సెక్షన్ కింద రాయను?

సగం కొట్టేశాను.
మళ్లీ రాశాను, కన్నడలో, తప్పులుంటే ఉండనీ అని:
‘ఏ పేరు పెట్టి కట్టించుకున్నా అది రుసుమే.
అందులో ఎవరి జీతానికి ఎంత పోయిందో
గేటు మీద పెద్దక్షరాల్లో రాయించండి.
రంగు ఇప్పటికే వేసి ఉంది.’

పొద్దున్నే మెజెస్టిక్‌లో బస్సు మారి వెళ్లాను.
గుమాస్తా మూడు ప్రతులకీ కన్నాలు పొడిచి
దారం ఎక్కించి లావుపాటి కట్టలో కలిపేశాడు.
రసీదు, అన్నాను.
అభిప్రాయానికి రసీదేంటమ్మా, అని
నవ్వాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

రాత్రి అమ్మ వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని అడిగింది:
ఎంత కట్టినావు?
ఏం కట్టలేదమ్మా.
ఊరికే తీసుకున్నారా? అంది,
నమ్మకుండా నా మొహం చూసి.
జెరాక్స్‌కి ఆరు రూపాయలు, అన్నాను.
చీటీ ఉంటే ఇటివ్వు, అని
సీసా మూత తిప్పింది.