నీటి గీతకి కింద

గోపాల్‌పూర్‌లో మంచు పడదు గానీ
మొగలి పొదల మీంచి వచ్చే తడిగాలికి
పొద్దెక్కినా చొక్కా ఆరదు.
చొక్కాలు ఆరడం గురించి నన్నడగండి.
ఏడు నెలలు ఓడలో బట్టలుతికాను.

నార్వే అంటారు ఆ దేశాన్ని.
తీరం పొడుగునా కొండలట. కొండల మధ్యకి సముద్రం
సందులోకి దూరిన పిల్లిలా
చప్పుడు లేకుండా వెళ్ళిపోతుందట.
నేను చూసింది పద్నాలుగు మరలు, ఒక గోడ గడియారం,
కళ్ళల్లోకి ఆవిరి.
కాళ్ళ కింద ఇనుము వణకడం మానేస్తే
రేవు వచ్చిందని అర్థం.

బెర్గెన్‌ని జేబుల్లో చూశాను.
వానకి నానిన ట్రాము టికెట్టు,
తెల్ల కాలరు మీద చేప పులుసు మరక.
ఒలెసుండ్ అంటే ఒక పిల్ల గౌనులో ఐదు గులకరాళ్ళు,
అచ్చనగాయలకి సరిపోయేవి.
ట్రోమ్సోలో రాత్రే ఉండదని మేస్త్రీ చెప్పాడు,
ట్యూబులైటు కింద నిలబడి.

దొరికిందల్లా కవర్లో పెట్టి గది నంబరు రాసి
పైకి పంపాలి. పంపాను.
ఆ పిల్లకి మాత్రం నాలుగే చేరి ఉంటాయి.
ఐదోది మా ఇంట్లో, మా గుంట గుప్పిట్లో ఉంది.

మా ముత్తాత సూరాడ పోలయ్య
రంగం ఓడలకి జనాన్ని మోసేవాడు.
ఓడ ఇసక దాకా రాదు గదా.
కెరటం దాటించి, పెట్టెల్నీ ఆడవాళ్ళనీ పసిపిల్లల్నీ
తాడునిచ్చెన దగ్గర దించి
వెనక్కి తెడ్డేసేవాడు.
ఆ రేవు స్తంభాలు ఇంకా ఉన్నాయి, కాకులు వాలడానికి.
మా ఇంట్లో నిచ్చెన ఎక్కింది నేనే.
ఎక్కాక మెట్లన్నీ కిందికే చూపించారు.

మొన్న మాఘంలో బరంపురం నుంచి
బెహరా హైమవతి గారు వచ్చారు.
రైల్వే బుకింగులో ముప్పయ్యారేళ్ళు
చిల్లరతో పాటు ఊళ్ళని కిటికీలోంచి అందించిన మనిషి.
రిటైరైన డబ్బుతో ఒక్కతే నార్వే వెళ్ళొచ్చిందట.
నా పడవ గంటకి మూడొందలు.
రెండొందల ఇరవైకి బేరమాడి, ఎక్కి కూచుని,
సముద్రం వైపు చూడకుండా ఫోను తీసింది.

"ఇదిగో దండాసీ, జలపాతం.
ఏడుగురు అక్కచెల్లెళ్ళంటారు."
చూశాను.
"ఇది అర్ధరాత్రి పన్నెండుకి ఎండ."
చూశాను.
వేలు గబగబా నెట్టేస్తోంది. మంచం, దుప్పటి,
తువ్వాలు మడిచి చేసిన హంస...
"అమ్మా, ఆగండి. ఒకటి వెనక్కి."

హంస మెడ దగ్గర అంచున నీలం దారం.
మూడో మర. నా మర.
ఓడ పేరడిగాను. చెప్పింది.
నెల అడిగాను. ఆషాఢం అంది.
కాసేపు ఇద్దరం ఏమీ అనకుండా
కెరటం మీద లేచాం, దిగాం.

"అయితే నా చీర!" అంది ఒక్కసారిగా.
"బరంపురం పట్టు, మామిడిపండు రంగు.
పాడుచేసింది నువ్వేనా?"
"కాదమ్మా. పట్టుబట్టలకి వేరే మనిషి."
ఆ రోజు మూడు తువ్వాళ్ళు పసుపెక్కాయి.
ఇప్పటికీ గుర్తే.

ఆఖర్న కొండ మీంచి తీసిన బొమ్మ.
ఆకుపచ్చ నీళ్ళలో ఓడ, కాగితం పడవంత.
ఎంత తెల్లగా ఉందో!
బయటి నుంచి నేను దాన్ని రెండేసార్లు చూశాను,
ఎక్కే రోజు, దిగే రోజు. రెండుసార్లూ చీకటే.
కిటికీల వరసలు పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను.
తొమ్మిది. తర్వాత కిటికీల్లేవు.
ఎర్ర గీత. గీత కింద నీళ్ళు.
అక్కడ వేలు పెట్టాను,
ఆవిడకి చూపిద్దామని.

వేలి తడికి బొమ్మ జారిపోయి
మళ్ళీ జలపాతం వచ్చింది.

"ఉండు, వెతికి తీస్తాను" అంది
కళ్ళజోడు సర్దుకుంటూ.
గంట ఎప్పుడో అయిపోయింది.
నేను చెప్పలేదు.
ఇంజను ఆపేసి, ఒడ్డు వైపు తిరక్కుండా
ఊరికే తెడ్డు ఆడిస్తూ ఉన్నాను.