వణికే కూర

బక్రీదు మా పండగ కాదు,
సెలవు మాత్రం మాదే.
ఏడాదికొకసారి మహబూలాలో
సుబ్బరాయుడు బావ రూములో
మావాళ్లందరం కలిసి ఒక పూట తింటాం.
మనిషికొక వంట.
కొండమ్మక్కది రాగిసంగటి,
బావది పొట్టేలు పులుసు.
ఓబులేసు ఐసు మూట తెచ్చి
కోటను గెల్చినట్టు నిలబడతాడు.

పోయినేడు నేను చేసిన చిత్రాన్నం
సగం నాతోనే బస్సెక్కి తిరిగొచ్చింది.
అందుకే ఈసారి జెల్లీ.
రుమైతియాలో మామా ఇంట్లో
పదకొండేండ్లుగా కలుపుతాండా, పోస్తాండా,
పళ్లెంలో బోర్లించి, దాని వణుకు ఆగకముందే
దివానియా గుమ్మం దాకా మోస్తాండా.
నా వాళ్లకు ఒక్కసారన్నా పెట్టలేదు.

బకాలాలో అరగంట నిలబడినా.
ఎర్ర డబ్బా ఆవుదంట.
అక్క ముట్టదు. చెప్పి పెడితే తిట్టు,
చెప్పకుండా పెడితే పాపం.
ఇంకోదాని మీద చేప బొమ్మ.
చేపే కదా అనుకున్నా,
మూత తీసి వాసన చూడనిస్తేనా!
"ఏందక్కా, పెండ్లికొడుకును ఎంచుతాండావా?"
కుంజాలి కాకాకు మా యాస బాగానే అబ్బింది.
ఆయనే కింది అరలోంచి
తెల్లటి ఎండుగడ్డి కట్టలాంటిది తీసి చేతిలో పెట్టినాడు.
చైనా గ్రాసు. సముద్రంలో నాచు.
"ఇది ఎండకు కరగదు."

ఆ ఒక్క మాటకు కొనేసినా.
జూన్ నెల. బస్టాపులో నీడ
కరెంటు స్తంభమంత వెడల్పు.
డబ్బాలోది నాలుక మీద వెన్నలా జారుతుంది, నిజమే.
నోటి వేడికే ఓర్వనిది
ఆ రోడ్డు వేడికి ఏం నిలుస్తుంది?
నాచుది కొంచెం మొండి. నమిలితేనే తెగుతుంది.
కానీలే, మావాళ్లకు పళ్లున్నాయి.

రాత్రి ఇల్లంతా పడుకున్నాక
క్యారెట్టు తురిమినా, కీరా కోసినా,
అనాస మాత్రం డబ్బాలోదే:
ఒకసారి పచ్చి అనాస వేసి
తెల్లార్లూ గట్టిపడని జెల్లీ ముందు కూర్చున్నదాన్ని నేను,
ఆ తిట్లు ఇంకా అరగలేదు.
నిమ్మకాయ, ఉప్పు,
ఎవరికీ చెప్పకుండా సన్నగా ఒక పచ్చిమిరపకాయ.
మామా అచ్చులు అడగలేదు.
అడిగితే ఇస్తుంది. ఇచ్చినాక లెక్కపెట్టుకుంటుంది.
నా స్టీలు గిన్నె ఉందిగా,
మొదటిసారి విమానమెక్కినప్పుడు
చింతకాయ తొక్కుతో వచ్చిన గిన్నె.

బస్సులో తడి తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకున్నా,
బ్రేకు పడినప్పుడల్లా మూత మీద చెయ్యి.
కుడివైపు సముద్రమొచ్చింది, పోయింది.

"ఏందే ఇది? కూరా, కుంకుడురసమా?"
ఓబులేసు వేలు పెట్టి పొడిచినాడు.
బావ కొంచెం వెనక్కి జరిగినాడు.
పళ్లెం మూసి, గిన్నె తిరగేసి, రెండు దెబ్బలు.
దిగింది.
ఒక అంచు విరిగినా, కరగకుండా దిగింది.
ట్యూబులైటు కింద పసుపుపచ్చగా వణుకుతా,
నడినెత్తిన చుక్కలు చుక్కలుగా
గుద్దిన అక్షరాలతో:
పి. కొండమ్మ 12-5-2006.

గిన్నె అడుగు నేనెప్పుడూ చూడలేదు.
అబద్ధం. చూసినా. మర్చిపోయినా.

రూమంతా గప్‌చుప్.
అక్క అద్దాలు సర్దుకుంది,
తన పెండ్లి తారీకు తానే కూడబలుక్కుంది.
"దొంగముండా!
ఆ గిన్నె కోసం మా అత్త నన్ను
మూడు నెలలు సాధించింది గదనే!"
ఓబులేసు నవ్వు ఆపుకోలేక ఐసు మూట మీద కూలబడినాడు.
నేను గరిటె పట్టుకుని అట్లే నిలబడినా,
పదకొండేండ్ల నా నిజాయితీ
పళ్లెంలో గజగజ వణుకుతాంటే.

పేరున్న ముక్క ఎవరూ ముట్టలేదు.
చుట్టూ కోసుకు తిన్నారు.
బావ పులుసులో నంజుకున్నాడు, నేను చూడనట్టే ఉన్నా.
చివర్లో అక్కే గరిటె లాక్కుని
పెండ్లి తారీకుతో సహా తన పేరంతా
రెండు ముద్దల్లో మింగేసింది.
"మిరపకాయ వేసినావా?" అంది.
"చల్లగుందే," అంది కాసేపాగి.

పోయేటప్పుడు గిన్నె కడిగి, తుడిచి,
నా ముందే తన సంచిలో వేసుకుంది.
తిరుగు బస్సులో ఒళ్లో ఉత్త తువ్వాలు.

వచ్చే బక్రీదుకు యాంట్లో పోయాలబ్బా.