కోటరీ

మన చెవికి ఆ మాటలో కోట వినిపిస్తుంది:
బురుజులు, కందకం, లోపలివైపు గడియ.
పత్రికల్లో అది ఎప్పుడూ ఎవరో పెద్దమనిషి చుట్టూ ఉంటుంది.
"నా కోటరీ" అని చెప్పుకున్నవాణ్ణి
నేనింతవరకూ చూడలేదు.

నార్మండీలో, వాన తెరిపివ్వని ఒక చిన్న ఊళ్లో
గిస్లేన్ పాత దస్తావేజుల కొలువులో పనిచేస్తుంది.
లీల్ నుంచి వచ్చి పదహారు నెలలు.
అక్కడి కఫేలో, గురువారాలు,
కిటికీ పక్క బల్ల ఆరుగురిది.
గుర్రాల వైద్యుడు, రిటైరైన నోటరీ,
ఒకరి మాట ఒకరు పూర్తిచేసే అక్కచెల్లెళ్లు,
ఇంకో ఇద్దరు.
మొదటి వారం ఆమె అక్కడి ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసింది.
"అది ఒకరిది," అన్నాడు నోటరీ, మర్యాదగానే.
పదహారు నెలల్లో ఆ ఒకరు రాలేదు.

నిన్న ఆమె చేతికొక చర్మపత్రం వచ్చింది.
ఎలుకలు మూల కొరికేశాయి, సిరా మాత్రం ఇంకా గోధుమరంగు.
ఏడు గుడిసెలవాళ్లు
దొర భూమిని ఉమ్మడిగా కౌలుకు పట్టారు.
ఒకటే నాగలి, ఒకటే శిస్తు.
ఒకరి గింజలు తగ్గితే మిగిలినవాళ్లు కొలవాలి.
"వాగు పక్క గుడిసె, విధవరాలు అవెలీన్:
బార్లీ రెండు మానికలు తక్కువ.
పూడ్చారు."

ఆ పొత్తుకున్న పేరే ఈ మాట.
కోటలోంచి రాలేదు, గుడిసెలోంచి వచ్చింది,
కాళ్లకి బురదతో.
లోపల ఉండటమంటే అప్పుడు
పక్కవాడి కొరతకి పూచీపడటం.
తర్వాత ఎప్పుడో కాళ్లు కడుక్కుని
కొవ్వొత్తుల గదుల్లోకి నడిచింది.
దానికి తలుపు ఏ మలుపులో మొలిచిందో
నిఘంటువు చెప్పదు.

ఇవాళ గురువారం.
కిటికీ బల్లకి చుట్టపుచూపుగా ఎవరో వచ్చారు.
అయినా ఆ ఖాళీ కుర్చీని ఎవరూ ముట్టలేదు.
నోటరీ లేచి, గోడవారగా కూర్చున్న గిస్లేన్ దగ్గరికొచ్చి
ఎదురు కుర్చీ వీపు పట్టుకున్నాడు.
"ఇది ఖాళీయేనా?"

అవెలీన్ గురించి చెబుదామనుకుంది.
రెండు మానికల గురించి.
నాలుక మీదికి వేరే వచ్చింది.
"లేదండీ. ఒకరిది."

అతను చెయ్యి తీశాడు.
పదహారు నెలల్లో మొదటిసారి
ఆమె ముఖంలోకి చూశాడు,
ఊరివాళ్లని చూసినట్టు.

అతను వెళ్లాక
నీళ్లోడుతున్న గొడుగు తీసి
ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.